కమలా ఖాన్ నవ్వు

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు తెరుచుకుంటుంది. నాలుగేళ్ళ కిందట అలాంటి ఒక ఆదివారం, పోటీ పరీక్షల గైడ్లకూ కంప్యూటర్ పుస్తకాలకూ నడుమ ఒక బొమ్మల పుస్తకం మా కంటపడింది. అట్ట మీద ఒక చామనచాయ పిల్ల. ముఖం సగమే కనబడుతోంది. మెడచుట్టూ చున్నీలాంటి గుడ్డ, చేతిలో చదువు పుస్తకాలు, నల్ల బనీను మీద పసుపుపచ్చ మెరుపు గుర్తు. లోపల చూస్తే ఆ పిల్ల పేరు కమలా ఖాన్ అని ఉంది.

'ఖాన్ సరే, కమల ఏమిటి?' అనుకున్నాం. పేర్ల మీద అనుమానం మా పత్రికల వాళ్ళకు వృత్తిరోగం. మా అమ్మాయి కోసమని బేరమాడి కొన్నాం గాని, పక్కనే ఇరానీ హోటల్లో కూర్చుని ముందు మేమే తెరిచాం. మొదలవుతూనే ఆ పిల్ల ఒక కొట్లో నిలబడి పందిమాంసం శాండ్‌విచ్ వాసన చూస్తోంది. తినదు. తినకూడదు. వాసన చూస్తే పోయేదేముందని ఆమె వాదన. పక్కన హిజాబ్ కట్టుకున్న స్నేహితురాలు ఆ యవ్వారం చూసి విసుక్కుంటోంది.

మేము గట్టిగా నవ్వాం. పక్క టేబుల్ పెద్దమనిషి తలెత్తి చూశాడు. నవ్వు ఆగాక ఒక సంగతి తట్టింది. నలభై ఏళ్ళు వచ్చి, రెండు భాషల్లో ఇన్ని పుస్తకాలు చదివి, ఒక ముస్లిం ఆడపిల్ల కథ చదువుతూ ఇలా నవ్వడం మాకిదే మొదటిసారి. ఎందుకని? ఆ ప్రశ్న వెంట పోతే ఒక చిన్న చరిత్ర దొరికింది. దాన్ని ఇక్కడ పంచుకుంటున్నాం.

బామ్మను దాదీగా మార్చుకుని

మేము నల్లగొండలో పెరిగాం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మా ఆపా ట్రంకుపెట్టెలో దాచుకున్న ఢిల్లీ 'ఖిలౌనా' పాత సంచికలు ఒకవైపు, అద్దె పుస్తకాల కొట్లో 'చందమామ' ఇంకొకవైపు. గ్రంథాలయంలో ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు', బాపు బొమ్మలతో. బుడుగును చదివి మేము నాలుగు రోజులు బుడుగుల్లాగే మాట్లాడి ఇంట్లో దెబ్బలు కూడా తిన్నాం. కానీ బుడుగుకి బామ్మ ఉండేది. మాకు దాదీ. ఆ బామ్మను మనసులోనే దాదీగా మార్చుకుని చదివేవాళ్ళం. పండుగ వస్తే మా పండుగగా మార్చుకునేవాళ్ళం. ఇలా మార్చుకుని చదవడం మైనారిటీ పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. మెజారిటీ పిల్లలకు ఈ విద్యతో పనిబడదు. పుస్తకం వాళ్ళ ఇంట్లోంచే వస్తుంది కనుక.

తెలుగు పిల్లల కథల్లో మేము అసలే లేమని అనం. ఉన్నాం. బాగ్దాద్ ఖలీఫాగా, అక్బర్ పాదుషాగా, గాడిద మీద ముల్లా నస్రుద్దీన్‌గా ఉన్నాం. కానీ నల్లగొండలో సైకిల్ తొక్కే, లెక్కల్లో తప్పే, రంజాన్ మర్నాడు టిఫిన్ డబ్బాలో షీర్ ఖుర్మా తెచ్చి క్లాసంతా పంచే పిల్ల ఎక్కడా లేదు. మేము ఉన్నది ఎప్పుడూ దూరదేశంలోనే, పోయిన కాలంలోనే. సొంత ఊళ్ళో, ఈనాటి మనిషిగా మాకు బొమ్మ లేదు.

ఇక సినిమా. అక్కడ సాయిబుకి మూడే వేషాలు. హీరో కోసం ప్రాణమిచ్చే నేస్తం, బాంబు పెట్టే దుండగుడు, 'నీకీ నాకీ' అంటూ వంకర తెలుగు మాట్లాడి జనాన్ని నవ్వించే కసాయో, అత్తరు వ్యాపారో. మూడో వేషాన్ని చూసి హాలంతా నవ్వుతుంటే మేమూ నవ్వేవాళ్ళం. నవ్వకపోతే ఎవరైనా గుర్తుపడతారేమోనని.

సూపర్‌హీరోలలో సాయిబులు

కమలా ఖాన్ అమెరికా పిల్ల. అందుకని ఆమెకు ముందు ఆ దేశపు బొమ్మల కథల్లో ముస్లింలు ఎలా వచ్చారో చూడాలి.

వండర్ వుమన్ 1941లో పుట్టింది. 1944లోనే ఒక చిన్న ప్రచురణకర్త వేసిన కథల్లో కిస్మత్ అనే అల్జీరియా ముస్లిం వీరుడు ఫ్రాన్స్‌లో నాజీలతో పోరాడాడు. కొద్ది సంచికలతో ఆ కథ ఆగింది, జనం మరిచిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికన్ కామిక్సులో అరబ్బు అంటే చమురు షేకు, కత్తి తిప్పే దొంగ, విమానం ఎత్తుకుపోయే ఉగ్రవాది. సినిమాల్లోనూ బొమ్మల కథల్లోనూ ఈ రూపాలను ఏళ్ళ తరబడి పోగుచేసి చూపించినవాడు జాక్ షహీన్ అనే ఆచార్యుడు.

2001 సెప్టెంబరు 11 తర్వాత ప్రచురణ సంస్థలకు మంచి ముస్లిం అవసరమయ్యాడు. 2002లో మార్వెల్ సంస్థ ఎక్స్‌మెన్ కథల్లోకి సురయా ఖాదిర్ అనే అఫ్గన్ అమ్మాయిని తెచ్చింది. ఒళ్ళంతా నల్లటి నఖాబ్. ఇసుకగా మారిపోవడం ఆమె శక్తి. ఆమెను మొదటిసారి చూపినప్పుడు ఒక తెల్లవీరుడు ఆమెను మనుషులను అమ్ముకునే ముఠా నుంచి రక్షించి తెస్తాడు. ఆమె నోట వచ్చే మాట 'తురాబ్'. అరబ్బీలో మట్టి, ధూళి. ఉర్దూ చదివిన మాకు ఆ మాట కొత్త కాదు. మన మొదటి సాలార్‌జంగ్ పేరు మీర్ తురాబ్ అలీఖాన్. కానీ పష్తోనో దరీయో మాట్లాడవలసిన అఫ్గన్ పిల్ల అరబ్బీలో ఎందుకు పలికింది? రాసినవాళ్ళకు తేడా తెలియదు, చదివేవాళ్ళు అడగరు. ఆమెకు పేరుంది, పరదా ఉంది, బాధ ఉంది. ఆమె ఏం తింటుందో, దేనికి నవ్వుతుందో మాత్రం లేదు.

2006లో కువైట్ మనస్తత్వ నిపుణుడు నాయిఫ్ అల్ ముతవ్వా అల్లాహ్ 99 పేర్ల స్ఫూర్తితో 'ది నైంటీనైన్' అనే బొమ్మల కథలు మొదలుపెట్టాడు. మంచి ప్రయత్నం. ఇటు మతపెద్దల్లో కొందరూ అటు అమెరికా మితవాదులూ ఇద్దరూ దాని మీద పడ్డారు. 2010లో డీసీ సంస్థ బిలాల్ అనే అల్జీరియా మూలాల ప్యారిస్ యువకుణ్ణి బ్యాట్‌మన్ అనుచరుణ్ణి చేస్తే, ఫ్రాన్స్‌ను కాపాడటానికి ముస్లిమే దొరికాడా అని కొందరు గొడవచేశారు. 2012లో అదే సంస్థ గ్రీన్ లాంటర్న్‌గా సైమన్ బాజ్ అనే లెబనాన్ సంతతి యువకుణ్ణి తెచ్చింది. అతని కథ సెప్టెంబరు 11 దాడితోనే మొదలవుతుంది, వెంటనే బాంబు అనుమానంలో పోలీసుల చేతికి చిక్కుతాడు. 2013లో పాకిస్తాన్ టీవీలో వచ్చిన 'బుర్ఖా అవెంజర్' కొంత వేరు. జియా అనే పంతులమ్మ రాత్రిపూట బుర్ఖా వేసుకుని, పుస్తకాలనూ కలాలనూ ఆయుధాలుగా విసిరి, ఆడపిల్లల బడి మూయించేవాళ్ళను తరిమికొడుతుంది. పాకిస్తాన్ గాయకుడు హారూన్ దాన్ని ఉర్దూలో తీశాడు. దాంట్లో హాస్యం ఉంది. కానీ అదీ పాఠం చెప్పడానికి పుట్టిందే.

వీళ్ళందరినీ వరసగా నిలబెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి ఒక్కరి మీదా ఒక బరువుంది. ముస్లింలు చెడ్డవాళ్ళు కారని రుజువు చేసే బరువు. సాక్షిబోనులో నిలబడ్డవాడు జోకులు వేయలేడు కదా.

ఖాళీ అయిన ఒక పేరు

ఇప్పుడు కమల దగ్గరికి వద్దాం. ఆమె మారుపేరు 'మిజ్ మార్వెల్'. మిస్ కాదు, మిసెస్ కాదు. పెళ్ళి అయిందో లేదో చెప్పనక్కర్లేని సంబోధన. 1970లలో అమెరికా స్త్రీల ఉద్యమం దాన్ని వాడుకలోకి తెచ్చింది. ఆ గాలి చూసే మార్వెల్ 1977లో ఆ పేరుతో ఒక పత్రిక పెట్టింది. నాయిక క్యారల్ డాన్వర్స్. పసిడి జుట్టు, పొడవాటి కాళ్ళు, వాటిని దాచని దుస్తులు. 2012లో ఆమెకు పదోన్నతి వచ్చి కెప్టెన్ మార్వెల్ అయింది. పాత పేరు ఖాళీ అయింది.

ఆ రోజుల్లో మార్వెల్‌లో సనా అమానత్ అనే సంపాదకురాలు పనిచేసేది. న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ అమెరికన్. తన చిన్నప్పటి ముచ్చట్లు తోటి సంపాదకుడు స్టీఫెన్ వాకర్‌కి చెబుతుంటే అతను నవ్వాడు. ఆ నవ్వులోంచే ఈ కథ ఆలోచన పుట్టింది. అంటే దీని మూలంలో మార్కెట్ సర్వే కన్నా ముందు, ఒక ముస్లిం ఇంటి కబుర్లకు ఒకరు నవ్వడం ఉంది. రాయడానికి జి. విల్లో విల్సన్‌ను పిలిచారు. ఇస్లాం స్వీకరించి, కైరోలో కొన్నేళ్ళు బతికి వచ్చిన అమెరికన్ రచయిత్రి. బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా వేశాడు. వేషం జేమీ మెక్‌కెల్వీ రూపొందించాడు. 2014 ఫిబ్రవరిలో మొదటి సంచిక వచ్చింది, పదేపదే అచ్చయింది. 2015లో తొలి సంపుటికి హ్యూగో బహుమతి, 2016లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఉత్సవంలో ఉత్తమ ధారావాహిక బహుమతి వచ్చాయి.

ఖుస్రో పాట, కరిచే బూట్లు

కమల పదహారేళ్ళది. న్యూయార్క్‌కి నది ఇవతల జెర్సీ సిటీలో ఉంటుంది. అబ్బూ యూసుఫ్ బ్యాంకు ఉద్యోగి, అమ్మీ మునీబా, అన్న అమీర్. అన్న ఉద్యోగం చూసుకోకుండా ఎప్పుడూ నమాజులోనే ఉంటాడని అబ్బూ వాపోతుంటాడు. కమల రాత్రిళ్ళు సూపర్‌హీరోల మీద సొంతంగా కథలు రాసుకుంటుంది.

ఒకరాత్రి ఇంట్లో వద్దన్నా కిటికీలోంచి దూకి పార్టీకి పోతుంది. అక్కడ నారింజరసమని మోసం చేసి సారా కలిపిన గ్లాసు ఇస్తారు. ఉమ్మేసి, చిన్నబుచ్చుకుని ఇంటిదారి పడుతుంది. దారిలో ఒక మాయపొగ కమ్ముతుంది. ఆ మైకంలో ఆమె ఆరాధించే వీరులు ఆకాశం నుంచి దిగుతారు. కెప్టెన్ మార్వెల్ నోరు తెరిచి ఏం పలుకుతుందనుకున్నారు? అమీర్ ఖుస్రో వసంత గీతం! ఆవపూలు విరగబూసిన ఆ పాట ఏడువందల ఏళ్ళుగా దర్గాల్లో ఖవ్వాలులు పాడుతున్నది. మా నానీ కూనిరాగం తీసినది. అమెరికన్ సూపర్‌హీరో నోట ఆ మాటలు చూసి మేము పుస్తకం బల్ల మీద పెట్టి కాసేపు ఊరుకున్నాం. దాదీని వెతుక్కునే పని లేకుండా ఒక పుట చదవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నీకేం కావాలని వాళ్ళు అడుగుతారు. నీలా కావాలంటుంది కమల. అచ్చం అలాగే మారిపోతుంది. పసిడి జుట్టు, తెల్లతోలు, పొట్టి బట్టలు. తీరా చూస్తే బూట్లు కరుస్తాయి, జుట్టు కళ్ళలో పడుతుంది, బట్ట ఎక్కడెక్కడో పట్టేస్తుంది. తెల్లతనం ఇంత ఇరుకా అని ఆ పిల్ల తికమకపడే పుటలు కడుపుబ్బ నవ్విస్తాయి. నవ్వించి వదలవు. ఇంగ్లీషు మీడియం బడికి పోయే ముందు అమ్మీ చేతి నూనె వాసన పోవాలని తల రుద్దుకున్న పిల్లలకు, ఇంటిపేరు మింగి పేరు చెప్పిన పిల్లలకు అది తెలిసిన ఇరుకే.

ఆ వేషంలోనే ఆమె మొదటి మంచిపని చేస్తుంది. తనను అల్లరిపెట్టిన జోయీ అనే పిల్ల నీళ్ళలో పడితే బయటికి లాగుతుంది. అప్పుడామెకు అబ్బూ తరచూ చెప్పే ఖురాన్ ఆయత్ గుర్తుకొస్తుంది. ఒక్క ప్రాణం నిలిపినవాడు మానవజాతినంతటినీ నిలిపినవాడితో సమానమని చెప్పే ఆయత్ అది. దాన్ని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. టీవీ వార్తలు చూస్తూ ఒక తండ్రి అలవాటుగా అనే మాట పిల్ల మనసులో ఎక్కడో ఉండి సమయానికి లేస్తుంది. మా ఇళ్ళల్లో మతం నిజంగా ఉండే తీరు అదే. వార్తాపత్రికల్లో ఎప్పుడూ కనబడనిదీ అదే.

తర్వాత తర్వాత ఆమె తన ముఖంతోనే నిలబడటం నేర్చుకుంటుంది. ఇంట్లో మూలన పడివున్న బుర్ఖినీని కత్తిరించి వేషం కుట్టుకుంటుంది. మెడకో దుపట్టాలాంటి గుడ్డ. ఆ కథ వచ్చిన రెండేళ్ళకు, 2016 వేసవిలో, ఫ్రాన్స్ సముద్రతీర పట్టణాలు కొన్ని అదే బుర్ఖినీని నిషేధించాయని గుర్తుచేసుకుంటే ఆ కత్తిరింపు విలువ తెలుస్తుంది. ఆమె శక్తి కూడా అందాల రాణి శక్తి కాదు. చేతులు చాటలంత అవుతాయి, కాళ్ళు తాటిచెట్లంత సాగుతాయి. పిడికిలి పెంచి గుద్దుతుంది. చూడటానికి వికారంగా ఉంటుంది, ముచ్చటగానూ ఉంటుంది.

ఇక ఆమె పేరు. ఇంట్లో అందరి చేతా చీవాట్లు తిని కుమిలిపోతున్న రాత్రి, అబ్బూ ఆమె పేరుకు అర్థం చెబుతాడు. అరబ్బీలో కమాల్ అంటే పరిపూర్ణత. నువ్వు ఇంకొకరిలా కానక్కర్లేదని ఆయన సారాంశం. మాకు ఆ ఘట్టం ఇంకోరకంగా కూడా తగిలింది. ఉర్దూ వాడుకలో కమాల్ అంటే అద్భుతం. మార్వెల్ అన్నా అద్భుతమే. తెలుగు చెవికి కమల అంటే తామర. ఒక్క పేరు మూడు ఇళ్ళల్లో మూడు అర్థాలతో కాపురం చేస్తోంది. ఆంధ్ర, రాయలసీమ పల్లెల్లో దూదేకుల కుటుంబాల్లో తెలుగు పేరూ ముస్లిం పేరూ ఒకే మనిషిలో కలిసి ఉండటం చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. 'ఇంతకీ నువ్వు ఎవరు?' అని నిలదీసేవాళ్ళకే వింత.

ప్రతినాయకుణ్ణి చెప్పకపోతే ఈ కథ తేలికదనం తెలియదు. థామస్ ఎడిసన్‌కు నకలు మనిషిని తయారుచేయబోతే పెంపుడు పిట్ట కణాలు కలిసిపోయి పిట్ట తలకాయతో పుట్టినవాడు! న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు వేలాదిగా కాపురముంటున్న ఎడిసన్ పట్టణానికి పేరిచ్చింది ఆ అసలు ఎడిసనే. ఈ పిట్టమనిషి ఊళ్ళోని యువకులను బ్యాటరీలుగా వాడుకుంటాడు. తీరా వాళ్ళను విడిపించబోతే తెలిసేదేమంటే, వాళ్ళు ఇష్టపడే వచ్చారు. మీ తరం భూమికి బరువని పెద్దలు చెప్పగా చెప్పగా నమ్మేశారు. హాస్యం నడుమ ఇంత మాట చెప్పి, మళ్ళీ ఒక ఏనుగంత కుక్క బొమ్మతో నవ్విస్తారు. వెనక గోడల మీద, డబ్బాల మీద అల్ఫోనా దాచిన చిన్న చిన్న పరిహాసాలు వెతకడం ఇంకో ఆట.

మా మీద నవ్వు, మా నవ్వు

మసీదు ఘట్టం ఒకటి చెప్పాలి. కమల, హిజాబ్ కట్టుకునే నకియా ఇద్దరూ అడ్డుగోడ వెనక కూర్చుని షేక్ అబ్దుల్లా ప్రసంగం వింటుంటారు. మాట వినబడుతుంది, మనిషి కనబడడు. ఆడవాళ్ళకు ఈ అడ్డుగోడ ఏమిటని కమల లోపలి నుంచే ప్రశ్న వేస్తుంది. తర్వాత ఇద్దరూ మెల్లగా జారుకుంటారు. ఇదే ప్రశ్న ఒక టీవీ చర్చలో వస్తే మాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడ మండలేదు, ఎందుకంటే అడిగింది లోపల కూర్చున్న పిల్ల. ఇంకొకసారి అమ్మీ అబ్బూ ఆమెను మందలించమని అదే షేక్ దగ్గరికి పంపుతారు. తిడతాడనుకుంటుంది. ఆయన, చేసేది మంచిపనే అయితే దానికి తగ్గ గుణాలతో చెయ్యి, ఒక గురువును వెతుక్కో అంటాడు. మౌల్వీ అంటే ఒకే బొమ్మ తెలిసిన పాఠకుడికి ఇది ఆశ్చర్యం. మొహల్లాలో పెరిగినవాళ్ళకు ఇది తెలిసిన మనిషే.

నకియా హిజాబ్ సంగతీ అంతే. ఎవరైనా బలవంతపెట్టారా అని జోయీ జాలి నటిస్తుంది. నకియా జవాబు ఏమంటే, తీసెయ్యమని పోరేది తన తండ్రే! 2022లో కర్ణాటక కాలేజీల గేట్ల దగ్గర హిజాబ్ ఆడపిల్లలను నిలబెట్టినప్పుడు మేము రాసిన వార్తల్లో న్యాయవాదులు మాట్లాడారు, మౌల్వీలు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు. ఆ పిల్లల్లో ఎవరికైనా నకియాలాంటి చురుకైన జవాబు ఉండి ఉంటుందని వెళ్ళి అడగాలని మాకు తోచలేదు. బాధితులుగా చూశాం గాని, మనుషులుగా చూడలేదు. ఆ తప్పు మాది కూడా.

ఇక్కడ మన సాహిత్యం మాట. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'తో, 1992 డిసెంబరు 6 తర్వాత ఇంకా గట్టిగా, తెలుగులో ముస్లిం గొంతు లేచింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. అవి రాకపోతే ఈ వ్యాసమూ లేదు, ఈ పేజీలూ లేవు. గాయం అయినవాడు ముందు గాయమే చూపిస్తాడు. అందులో తప్పు లేదు. కానీ ముప్పై ఏళ్ళు గాయమే చూపిస్తే, ఎదుటివాడికి మనం గాయంగానే గుర్తుంటాం. మన పిల్లలకూ అద్దంలో గాయమే కనబడుతుంది.

మనకు నవ్వు లేదా? హైదరాబాద్ ఉర్దూకి నవ్వు లేకపోవడమా! ముజ్తబా హుసేన్ 1962లో 'సియాసత్'లో హాస్య కాలం మొదలుపెట్టి అర్ధశతాబ్దికి పైగా రాశారు. 1968 నుంచి ఈ ఊరి నుంచే 'షగూఫా' అనే హాస్య మాసపత్రిక వచ్చింది. దాని సంపాదకుడి పేరు, కాకతాళీయమే గాని, ముస్తఫా కమాల్. జిందా దిలానే హైదరాబాద్ ముషాయిరాల్లో జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. సులేమాన్ ఖతీబ్ దక్కనీ కవితలు అత్తాకోడళ్ళ నోట ఇంకా ఉన్నాయి. పద్మశ్రీ అందుకున్న ముజ్తబా హుసేనే 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం నాటి పరిస్థితులకు నిరసనగా ఆ బిరుదు వాపసు ఇస్తానని ప్రకటించారు. నవ్వించేవాడికి వెన్నెముక ఉండదనుకునేవాళ్ళకు అది జవాబు. అయితే ఆ నవ్వంతా ఉర్దూ లిపిలోనే ఉండిపోయింది. తెలుగులోకి మా కన్నీళ్ళు వచ్చినంత త్వరగా మా నవ్వు రాలేదు. తెలుగు పాఠకుడికి దొరికింది మా మీద నవ్వే. మా నవ్వు కాదు. ఆ అనువాదం చేయవలసిన రెండు భాషల వాళ్ళం మేమే కనుక, ఈ లోపం కూడా మా ఖాతాలోనే రాసుకుంటున్నాం.

రెండు సముద్రాల అవతల

కమల కుటుంబం బొంబాయి నుంచి 1947లో కరాచీకి, కరాచీ నుంచి తర్వాతి తరంలో జెర్సీ సిటీకి చేరింది. 2016 సంచికల్లో ఆ ప్రయాణం వస్తుంది. కమల కరాచీ వెళ్ళి బంధువుల నడుమ ఉంటుంది. అమెరికాలో పాకిస్తానీ, పాకిస్తాన్‌లో అమెరికన్. 2022లో వచ్చిన ఆరు భాగాల టీవీ ధారావాహిక ఈ విభజన కథనే ముందుకు తెచ్చింది. నానీ పంపిన ఒక గాజు పట్టుకుని పిల్ల 1947 నాటి రైల్వేస్టేషన్ దాకా పోతుంది.

హైదరాబాద్ సంస్థానపు ముస్లింలకు ఆ తేదీ 1947 ఆగస్టు కన్నా ఎక్కువగా 1948 సెప్టెంబరు. పోలీసు చర్య తర్వాత కరాచీ వెళ్ళినవాళ్ళు అక్కడ హైదరాబాద్ కాలనీ కట్టుకుని బగారా బైంగన్ వండుకుంటూ బతికారు. మా నానీ చెల్లెలు అలా వెళ్ళింది. ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగాయి. ఉండిపోయిన మమ్మల్ని, క్రికెట్ మ్యాచ్ రోజున, ఎవరి పక్షమని అడగడం ఆగలేదు. మా అమ్మాయిని ఎనిమిదో తరగతిలో తోటిపిల్లలు అదే అడిగారు. ఇంటికొచ్చి ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. మేము ఆబిడ్స్‌లో ఆ పుస్తకం కొన్నది దానికి వారం తర్వాతే.

కంపెనీ సరుకేనా?

ఇదంతా ఒక అమెరికన్ కంపెనీ సరుకే కదా అని మిత్రులు అడుగుతారు. సరుకే. 2009 నుంచి మార్వెల్ డిస్నీ సొత్తు. మనుషుల వేదన అమ్ముడుపోతే వేదనా అమ్ముతారు, నవ్వు అమ్ముడుపోతే నవ్వూ అమ్ముతారు. 2016 మార్చిలో వైట్‌హౌస్ సభలో సనా అమానత్ ఒబామాను సభకు పరిచయం చేసింది. అదే ప్రభుత్వపు డ్రోన్లు వజీరిస్తాన్ మీద బాంబులు వేశాయి. ఈ రెండూ నిజాలే.

కానీ సరుకు కూడా జనం చేతిలో పడితే వేరే పనిచేస్తుంది. 2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ఇస్లాంను నాజీయిజంతో పోల్చే డబ్బిచ్చిన ప్రకటనలు వెలిశాయి. ఎవరో వీధి కళాకారులు రాత్రికి రాత్రి వాటి మీద కమలా ఖాన్ బొమ్మలు అతికించారు. పిడికిలి బిగించిన ఆ పిల్ల, ద్వేషం మీద అడ్డంగా నిలబడి ఊరంతా తిరిగింది. కంపెనీ చెప్పి చేయించింది కాదది.

కంపెనీ చేసింది ఇంకొకటుంది. 2023 మే నెలాఖరున కమలను చంపేశారు. తన పత్రికలో కాదు, స్పైడర్‌మన్ పత్రికలో. అదీ ఎలా? స్పైడర్‌మన్ ప్రేయసిని కాపాడటానికి ఆమె రూపం దాల్చి, ఆ తెల్లపిల్ల ముఖంతోనే కత్తిపోటుకు బలవుతుంది. తెల్లముఖం నాకొద్దు, నా ముఖం చాలు అని నేర్చుకోవడంతో మొదలైన కథ, మళ్ళీ తెల్లముఖం తొడిగించి, ఒక మగవాడి దుఃఖానికి ముడిసరుకుగా ముగించారు. ప్రాణమిచ్చే నేస్తం వేషం మన సినిమాల్లోనే కాదు, అక్కడా సిద్ధంగా ఉందన్నమాట. పాఠకులు మండిపడ్డారు. జూలైలోనే బతికించారు. ఆగస్టులో ఆమె కథ మళ్ళీ మొదలైంది. రాసిన ఇద్దరిలో ఒకరు ఇమాన్ వెల్లాని. కరాచీలో పుట్టి, కెనడాలో ఈ కామిక్కులే చదువుతూ పెరిగి, టీవీలో కమలగా నటించిన అమ్మాయి. చదువుకున్న పిల్ల నటించింది, నటించిన పిల్ల రాసింది. పందొమ్మిది పుస్తకాల వాదన కన్నా ఈ ఒక్క సంగతి మాకు ధైర్యమిస్తుంది.

నక్కో ఢూండో

చివరికి మా ఇంటి సంగతి. ఆ పుస్తకం మా అమ్మాయి చేతిలో పెట్టి, చదివాక కూర్చోబెట్టి అడిగాం. ఆ పిల్ల తెల్లగా మారడంలో నీకేం అర్థమైంది? పేరు గురించి తండ్రి చెప్పినదాంట్లో విశేషమేమిటి? మా పిల్ల కాసేపు ఓపిక పట్టి, "హర్ చీజ్ మే సబక్ నక్కో ఢూండో అబ్బా" అంది. ప్రతిదాంట్లో పాఠం వెతక్కండి నాన్నా అని. "నాకు ఆ కుక్క బాగుంది. అంత పెద్ద కుక్కను అమ్మీ ఇంట్లోకి రానిస్తుందా?"

వంటింట్లోంచి "బిల్‌కుల్ నక్కో" అని వినబడింది. ముగ్గురం నవ్వాం. క్రికెట్ మ్యాచ్ గొడవ తర్వాత ఆ పిల్ల మనసారా నవ్వడం మేము అప్పుడే చూశాం.

ఈ వ్యాసమంతా పాఠం వెతకడమేనని తెలుసు. అది మా తరం జబ్బు, మాతోనే పోనివ్వండి. కానీ ఈ సంకలనం చదివే కవులకూ కథకులకూ ఒక మాట. జెర్సీ సిటీ పిల్ల మన పిల్ల కాదు. ఆమెను అద్దెకు తెచ్చుకుని ఎంతకాలం చదువుతాం? కడపలో, గుంటూరులో, నిజామాబాద్‌లో, బార్కస్ గల్లీల్లో దక్కనీ తెలుగు కలిపి మాట్లాడే, అన్నతో పోట్లాడే, మసీదు గోడ వెనక గుసగుసలాడే, పరీక్ష తప్పి కూడా నవ్వే పిల్ల ఉంది. ఆమెను మంచి ముస్లింగా నిరూపించకండి. ఆమె చేత ఎవరికీ సంజాయిషీ ఇప్పించకండి. దాదీని దాదీగానే ఉంచి, ఆ పిల్ల నవ్వును తెలుగులో రాయండి. పక్కింటి పిల్ల దాన్ని చదివి, దాదీని బామ్మగా మార్చుకునే శ్రమ ఒక్కసారి తనూ పడనివ్వండి. అదేమంత కష్టం కాదు. మేము చిన్నప్పటి నుంచి చేస్తున్నదే.